పిల్లలు చిన్నగా ఉండగానే వీలునామా, విరాసత్: ఎలా చేయాలి?

వీలునామా అంటే మంచం పట్టాక రాసేదనే నమ్మకం మన ఊళ్లలో గట్టిగా ఉంది. జనగామ జిల్లా బచ్చన్నపేట మండలంలో నలభై ఏళ్ల రైతును "వీలునామా రాసినవా?" అని అడిగి చూడండి, "నాకేమైందని?" అంటాడు. కానీ అసలు అవసరం ఉన్నది అతనికే. ఎదిగిన పిల్లలున్న పెద్దాయన వీలునామా రాయకుండా పోయినా, కొడుకులూ బిడ్డలూ కూర్చొని మాట్లాడుకుని సంతకాలు పెట్టుకోగలరు. ఎనిమిదేళ్ల పిల్లగాడు సంతకం పెట్టలేడు. వాడి వాటాను వాడి తల్లి కూడా కోర్టు అనుమతి లేకుండా అమ్మలేదు, కుదువ పెట్టలేదు. ఎవరికెంత వాటా అన్నది చట్టం ఎలాగూ తేలుస్తుంది. పిల్లలకు 18 ఏళ్లు నిండేదాకా ఆ వాటాను ఎవరు చూసుకోవాలి, ఎలా ఖర్చు పెట్టాలి అన్నది మాత్రం తల్లిదండ్రులే రాసి పెట్టాలి.

దీన్ని మొదటినుంచి చివరిదాకా ఎలా చేయాలో ఒక ఇంటిని ఊహించుకుని చూద్దాం. భర్తకు 38 ఏళ్లు. భార్య, 12 ఏళ్ల బిడ్డ, 8 ఏళ్ల కొడుకు, భర్త తల్లి ఆ ఇంట్లో ఉంటారు. 4 ఎకరాల 20 గుంటల భూమి, గ్రామకంఠంలో ఒక ఇల్లు, కొంత బంగారం, బ్యాంకులో పంట రుణం ఉన్నాయి. ఎకరానికి 40 గుంటలు కాబట్టి భూమి మొత్తం 180 గుంటలు. ఈ అంకెను గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

1. ఉన్నదంతా ఒక కాగితం మీద రాయండి

ఒక నోటుబుక్కు తీసుకుని ప్రతి ఆస్తికి ఎదురుగా నాలుగు సంగతులు రాయండి: అది ఎవరి పేరు మీద ఉంది, ఎలా వచ్చింది, కాగితం ఏముంది, ఆ కాగితం ఎక్కడ ఉంది.

భూమికి పట్టాదారు పాస్‌బుక్కులోని సర్వే నంబరు, విస్తీర్ణం పహాణీతో సరిపోతున్నాయా చూడండి. సాదాబైనామా మీద కొన్న తునక ఉంటే విడిగా రాయండి. తెల్లకాగితం మీది కొనుగోలుకు పాస్‌బుక్కు రాకపోతే, రేపు పిల్లలకు చూపించడానికి కబ్జా తప్ప ఏమీ ఉండదు. 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 వరకు క్రమబద్ధీకరణకు దరఖాస్తు పెట్టినవాళ్లు ఆ రసీదును భద్రంగా దాచాలి. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం ప్రకారం అమ్మడానికి లేదు, వారసత్వంగా పిల్లలకు మాత్రం వస్తుంది.

గ్రామకంఠంలోని ఇంటికి చాలామంది దగ్గర రిజిస్ట్రీ కాగితం ఉండదు. అక్కడ ఆధారం పంచాయతీలో ఉన్న ఇంటి నంబరు, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు. అవి ఎవరి పేరు మీద వస్తున్నాయో చూడండి.

తరువాత బంగారం, పశువులు, ట్రాక్టరు, బ్యాంకు ఖాతాలు, చిట్టీలు, బీమా పాలసీలు రాయండి. అప్పులు కూడా రాయండి: పంట రుణం, ప్రామిసరీ నోట్లు, చేబదుళ్లు. మీరు ఇతరులకిచ్చిన అప్పులనైతే అసలే మరచిపోవద్దు. నోటు మీద దావాకు గడువు మూడేళ్లే. మీరు లేనప్పుడు ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకపోతే ఆ డబ్బు పోయినట్టే.

2. తాత పేరు మీద ఉన్న భూమికి ముందు విరాసత్ చేయించండి

విరాసత్ అంటే చనిపోయిన మనిషి పట్టాను వారసుల పేరు మీదికి మార్పించడం. తాత పోయి పదేళ్లయినా పాస్‌బుక్కు ఆయన పేరు మీదే ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. "మా భూమే కదా, ఎవరు అడుగుతరు?" అనుకుంటారు. పాస్‌బుక్కు తన పేరు మీద లేని రైతుకు రైతుబీమా రాదు. 2018 ఆగస్టు 15న మొదలైన ఆ పథకంలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు చనిపోతే ఇంటికి రూ.5 లక్షలు వస్తాయి. తాత పేరు మార్చని పాపానికి మన ఉదాహరణలోని ఇద్దరు పిల్లలు ఆ 5 లక్షలు పోగొట్టుకుంటారు.

భూరికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. ధరణిలో వారసులంతా ఒప్పుకుని సంతకం పెడితే విచారణ లేకుండానే పట్టా మారేది. భూభారతి చట్టంలో తహసీల్దారు వారసులందరికీ నోటీసులిచ్చి, విచారించి, 30 రోజుల్లో తేల్చాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాస్‌బుక్కు, ఆధార్‌లు పట్టుకుని మీసేవలో దరఖాస్తు చేసి, బచ్చన్నపేట తహసీల్దారు కార్యాలయానికి వెళ్లాలి. ఫీజు ఎకరాల లెక్కన ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మేనత్తల పేర్లు వదిలేసి విరాసత్ చేయించుకుంటే పని తొందరగా అవుతుందని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. వినకండి. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు పుట్టదు, పేరు లేనంత మాత్రాన పోదు. మేనత్తలు ఏళ్ల తరువాత కూడా కోర్టుకు వెళ్లొచ్చు, అప్పుడు తిరగాల్సింది మీ పిల్లలు. మేనత్తలు నిజంగా వదులుకుంటామంటే రిజిస్టర్డ్ హక్కు విడుదల దస్తావేజు రాయించుకోండి.

3. స్వార్జితమా, పిత్రార్జితమా తేల్చుకోండి

వీలునామా ఎంతవరకు రాయగలరన్నది దీని మీదే ఆధారపడుతుంది. మీ సంపాదనతో కొన్నది స్వార్జితం. అంతా మీ ఇష్టం. ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితంలో పిల్లలకు పుట్టుకతోనే వాటా ఉంటుంది. అందులో మీ వాటా వరకే మీరు రాయగలరు.

చాలామంది పొరబడేది ఒకటుంది. తాత ముత్తాతల కాలం నుంచి వచ్చిన ప్రతి గుంటా పిత్రార్జితం కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక, మీ తండ్రి తన స్వార్జితాన్ని వదిలి చనిపోయి, 8వ సెక్షన్ ప్రకారం మీకు వాటా వచ్చి ఉంటే అది మీ సొంత ఆస్తే. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. కాబట్టి భూమి మీకు ఏ దారిన వచ్చిందో పాత పహాణీలు, పంపక కాగితాలు వకీలుకు చూపించి అడగండి.

ఆడపిల్లల విషయంలో అనుమానాలకు చోటు లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన 1986 సవరణ చట్టం పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. దాన్ని 1985 సెప్టెంబర్ 5 నుంచి లెక్కలోకి తెచ్చారు. ఆ చట్టం అప్పటికి పెళ్లికాని కూతుళ్లకే వర్తించింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర చట్టం పెళ్లయిన వాళ్లకూ ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న వివాదాన్ని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: అక్కర్లేదు, హక్కు పుట్టుకతో వచ్చేది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్డ్ దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో అయిన పంపకాలను మాత్రం తిరగదోడరు. "కట్నం ఇచ్చినం, పసుపు కుంకుమ కింద ఇచ్చినం" అన్న మాట చట్టం ముందు నిలవదు. కట్నం ఇస్తే వాటా పోతుందని ఏ చట్టమూ చెప్పలేదు. పైగా కట్నం ఇవ్వడమే 1961 నుంచి నేరం.

4. వీలునామా లేకపోతే ఏమవుతుందో లెక్క వేయండి

మన ఉదాహరణ ఇంట్లో భర్త వీలునామా రాయకుండా చనిపోయాడనుకుందాం.

భూమి స్వార్జితమైతే భార్య, తల్లి, కొడుకు, బిడ్డ నలుగురికీ సమానం. 180 గుంటలు నాలుగు వంతులైతే ఒక్కొక్కరికి 45 గుంటలు, అంటే ఎకరం 5 గుంటలు. ఇందులో పిల్లల పేరిట 90 గుంటలు. రేపు పెద్దావిడ పోతే ఆమె 45 గుంటల్లో మనవలతో పాటు ఆమె కూతుళ్లకూ వాటా వస్తుంది.

భూమి పిత్రార్జితమైతే లెక్క మారుతుంది. ముందు భర్త, కొడుకు, బిడ్డ పంచుకున్నట్టు చట్టం ఊహిస్తుంది. తలకు 60 గుంటలు. మన దక్షిణాది పద్ధతిలో ఈ పంపకంలో భార్యకు విడి వాటా లేదు. భర్త వాటా 60 గుంటలను భార్య, తల్లి, కొడుకు, బిడ్డ నలుగురూ పంచుకుంటారు, తలకు 15. చివరికి కొడుక్కి 75, బిడ్డకు 75, నాయనమ్మకు 15, భార్యకు 15 గుంటలు. ఇల్లు నడపాల్సిన ఆ తల్లి చేతిలో సొంతంగా 15 గుంటలే మిగులుతాయి. అప్పు తీర్చాలన్నా, పిల్లల చదువుకు తునక అమ్మాలన్నా, మిగతా భూమిలో ముప్పాతికకు పైగా పిల్లలది.

అదే భర్త తన 60 గుంటల వాటాను భార్య పేరిట వీలునామా రాస్తే? భార్యకు 60, కొడుక్కి 60, బిడ్డకు 60. చిన్న కాగితం 15 గుంటలను 60 చేసింది. పెద్దావిడను గాలికి వదిలినట్టు కాదు. ఆమెకు ఇంట్లో ఉండే హక్కు, ఏటా ఇంత ధాన్యం, మందుల ఖర్చు అని ఆ వీలునామాలోనే రాయొచ్చు.

మతాన్ని బట్టి లెక్క వేరుగా ఉంటుంది. క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం పిల్లలుంటే భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానం. ముస్లింలలో పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు, మిగిలిన దాంట్లో కొడుక్కి బిడ్డ కంటే రెట్టింపు. వీలునామా ఆస్తిలో మూడో వంతు వరకే, అది కూడా వారసుల్లో ఒకరికి రాస్తే మిగతావాళ్లు ఒప్పుకోవాలి. లంబాడా తండాల విషయం ఇంకోలా ఉంది. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు, ఆచారం చూస్తారు. ఆచారమేమిటో నిరూపించడం కోర్టులో పెద్ద పని. బిడ్డకు భూమి దక్కాలనుకునే తండా తల్లిదండ్రులకు రాతపూర్వక ఏర్పాటు అందరికంటే ఎక్కువ అవసరం.

5. పిల్లల వాటా ఎవరి చేతిలో ఉండాలో నిర్ణయించండి

1956 హిందూ మైనారిటీ, సంరక్షక చట్టం ప్రకారం పిల్లలకు సహజ సంరక్షకుడు తండ్రి, తరువాత తల్లి. కానీ మైనరు పేరిట ఉన్న భూమిని, ఇంటిని కోర్టు అనుమతి లేకుండా అమ్మడానికి, కుదువ పెట్టడానికి, అయిదేళ్లకు మించి కౌలుకివ్వడానికి సంరక్షకులకు అధికారం లేదు. జనగామ జిల్లా కోర్టులో అర్జీ పెట్టి, పిల్లలకు ఇది అవసరం లేదా స్పష్టమైన లాభం అని చూపించాలి. అనుమతి లేకుండా అమ్మితే, పిల్లలు 18 నిండిన మూడేళ్లలోగా దాన్ని రద్దు చేయించుకోవచ్చు. అందుకే మైనరు వాటా ఉన్న భూమి అంటే కొనేవాళ్లు వెనకాడతారు, కొన్నా ధర తగ్గిస్తారు.

ముస్లిం కుటుంబాల్లో ఇంకా జాగ్రత్త కావాలి. ముస్లిం చట్టంలో తల్లి పిల్లల ఆస్తికి దానంతటదే సంరక్షకురాలు కాదు. తండ్రి వీలునామాలో ఆమెను నియమించాలి, లేదా కోర్టు నియమించాలి. ఈ ఒక్క వాక్యం కోసమైనా తండ్రి వీలునామా రాయాలి.

మీ ముందు మూడు దారులున్నాయి.

భార్య పేరిట పూర్తి హక్కుతో రాయడం ఒకటి. అవసరానికి ఆమె వెంటనే అమ్ముకోగలదు, ఇల్లు ఆగదు. మీ ఇద్దరి మధ్య నమ్మకం ఉంటే చిన్న రైతు కుటుంబానికి ఇదే సులువైన దారి. భర్త పోయిన ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆ హక్కు పోదు.

పిల్లల పేరిటే రాసి, తల్లిని సంరక్షకురాలిగా పెట్టడం రెండోది. భూమి పిల్లలకు పదిలంగా ఉంటుంది, కానీ ప్రతి అమ్మకానికీ కోర్టు.

వీలునామాలోనే ట్రస్టు ఏర్పరచడం మూడోది. నమ్మకమైన మనిషి ఆస్తిని చూసుకుంటూ, ఆదాయం చదువుకూ తిండికీ ఖర్చు చేసి, పిల్లలకు 21 లేదా 25 ఏళ్లు వచ్చాక అప్పగిస్తాడు. 18 ఏళ్లకే చేతికి డబ్బు రావడం ఇష్టం లేనివాళ్లకు ఇది పనికొస్తుంది.

"భార్యకు జీవితాంతం అనుభవం, తరువాత పిల్లలకు" అని రాసే అలవాటు మన దగ్గర ఎక్కువ. పోషణ హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తి పూర్తి హక్కుగా మారుతుందని 1977లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అప్పటినుంచి ఇలాంటి రాతల మీద దావాలు ఆగలేదు. అలా రాయాలనుకుంటే వకీలు చేతనే రాయించండి.

ఇద్దరూ ఒకేసారి పోతే? ప్రమాదాలు చెప్పి రావు. భార్యాభర్తలిద్దరూ విడివిడిగా వీలునామాలు రాసి, ఇద్దరూ లేకపోతే పిల్లలను ఎవరు సాకాలో రెండింట్లోనూ ఒకే పేరు రాయాలి. ఆ మనిషిని ముందే అడిగి ఒప్పించాలి. పిల్లలను ప్రేమగా చూసే మేనమామ లెక్కలు రాయలేకపోవచ్చు. అలాంటప్పుడు పిల్లలను ఒకరికి, ఆస్తి బాధ్యతను ఇంకొకరికి అప్పగించవచ్చు.

6. వీలునామా రాయండి

స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం మీద, తెలుగులో, మీ చేతిరాతతో రాసినా చెల్లుతుంది. నమూనా ఇలా ఉండొచ్చు:

"నేను ........ కుమారుడు ........, వయసు ... ఏళ్లు, జనగామ జిల్లా బచ్చన్నపేట మండలం ........ గ్రామ కాపురస్తుడిని. స్థిరబుద్ధితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకు ముందు రాసినవన్నీ దీనితో రద్దు.

సర్వే నంబరు ... లో నా స్వార్జితం ... ఎకరాల ... గుంటలు, సర్వే నంబరు ... లోని పిత్రార్జితంలో నా వాటా, నా తదనంతరం నా భార్య ........కు సర్వహక్కులతో చెందాలి. ఆమె నాకంటే ముందు చనిపోతే నా బిడ్డ ........కు, కొడుకు ........కు సమానంగా చెందాలి.

నా తల్లి ........ బతికున్నంత కాలం ఇంటి నంబరు ... లో ఉండవచ్చు. ఆమె తిండి, మందుల ఖర్చు ఆ భూమి ఆదాయం నుంచి ఇవ్వాలి.

మేమిద్దరం లేకపోతే మా పిల్లలకు ........ సంరక్షకులుగా ఉండాలి. ఈ వీలునామా అమలుదారు ......... నా అప్పులు తీర్చిన తరువాతే పంపకం జరగాలి. ఇందులో రాయని ఆస్తి ఏదైనా ఉంటే అది కూడా నా భార్యకే చెందాలి."

చివరి వాక్యాన్ని వదలొద్దు. రేపు మీరు కొనబోయే గుంట భూమి, మరచిపోయిన చిట్టీ డబ్బు దాని కిందికే వస్తాయి. ఎవరికైనా తక్కువ ఇస్తుంటే కారణం ఒక వాక్యంలో రాయండి. కారణం చెప్పకుండా సొంత బిడ్డను పక్కన పెట్టిన వీలునామాను కోర్టులు అనుమానంగా చూస్తాయి.

సాదుకున్న బిడ్డ ఉన్న ఇల్లయితే మరీ ముఖ్యం. చట్టప్రకారం దత్తత జరగకపోతే ఎన్నేళ్లు పెంచినా ఆ బిడ్డకు వారసత్వం రాదు. పేరు రాసి, వాటా రాసి ఉంటేనే దక్కుతుంది.

7. సంతకం, సాక్షులు, రిజిస్ట్రేషన్

ప్రతి పేజీ మీద సంతకం పెట్టండి. సంతకం రాకపోతే వేలిముద్ర వేసి, "చదివి వినిపించగా విని ఒప్పుకున్నాను" అన్న మాట చేర్పించండి. హిందువులకు, క్రైస్తవులకు కనీసం ఇద్దరు సాక్షులు తప్పనిసరి. మీరు సంతకం పెట్టడం వాళ్లు చూడాలి, మీ ఎదుటే వాళ్లూ పెట్టాలి. తరువాత ఎప్పుడో ఇంటికి పంపి పెట్టించుకున్న సంతకం పనికిరాదు.

సాక్షులుగా మీకంటే వయసులో చిన్నవాళ్లను, ఊళ్లోనే ఉండేవాళ్లను తీసుకోండి. రేపు తగాదా వస్తే వాళ్లలో ఒక్కరైనా కోర్టులో నిలబడి చెప్పాలి. ఆస్తి పొందేవాళ్లను, వాళ్ల భార్యాభర్తలను సాక్షులుగా పెట్టొద్దు. క్రైస్తవుల విషయంలో అలా పెడితే ఆ సాక్షికి రాసిన భాగమే చెల్లదు.

రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరి కాదు. అయినా చేయించడమే మంచిది. వ్యవసాయ భూమి అమ్మకాల రిజిస్ట్రేషన్ తహసీల్దారు దగ్గర జరుగుతుంది గానీ, వీలునామాకు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లాలి. మనకు జనగామలో ఉంది. "రిజిస్టర్ చేయిస్తే అందరికీ తెలుస్తది" అని భయపడొద్దు. మీరు బతికున్నంత కాలం దాని నకలు మీకు, మీరు పంపిన మనిషికి తప్ప ఎవరికీ ఇవ్వరు. కదల్లేని వాళ్ల ఇంటికి అధికారి వచ్చే వీలు కూడా ఉంది.

మనసు మారితే ఎన్నిసార్లయినా కొత్తది రాయొచ్చు. చివరగా రాసిందే చెల్లుతుంది. కొత్త బిడ్డ పుట్టినప్పుడు, భూమి కొన్నప్పుడు, అమ్మినప్పుడు, సంరక్షకుడిగా అనుకున్న మనిషి పోయినప్పుడు తిరగరాయండి. పెళ్లి చేసుకుంటే క్రైస్తవుల పాత వీలునామా దానంతటదే రద్దవుతుంది. హిందువులకు అలా కాదు.

8. నామినీలను సరిచూడండి

నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, యజమాని కాదు. బ్యాంకు డబ్బు అందుకున్న నామినీ దాన్ని వారసులకు లెక్క చెప్పాలి. బీమాలో మాత్రం 2015 సవరణ తరువాత తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీ అయితే ఆ డబ్బు వాళ్లదే.

రైతుబీమాలో నామినీగా ఎప్పుడో రాసిన తల్లి పేరే ఉందా? ఆమె ఇప్పుడు ఉందా? వ్యవసాయ విస్తరణ అధికారిని కలిసి మార్పించండి. పిల్లలను నామినీగా పెడితే వాళ్ల తరఫున డబ్బు తీసుకునే పెద్ద మనిషి పేరు కూడా రాయించాలి. బ్యాంకు ఖాతాల్లో 2025 నవంబర్ 1 నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు.

అప్పులు ఎక్కువగా ఉన్న ఇంటికి ఒక రక్షణ ఉంది. కొత్త జీవిత బీమా తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేరిట రాయిస్తే, ఆ డబ్బును అప్పులవాళ్లు ముట్టుకోలేరు. పాలసీ దరఖాస్తుతోపాటు ఇచ్చే చిన్న ఫారం అది. ఏజెంటు చెప్పకపోతే మీరే అడగండి.

9. బతికుండగానే పట్టా చేసివ్వాలా?

"వీలునామా ఎందుకు, ఇప్పుడే గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేసేస్త" అనేవాళ్లు ఉంటారు. పిల్లలు చిన్నగా ఉన్న ఇంట్లో అది తొందరపాటు. ఒకసారి మైనరు పేరిట వెళ్లిన భూమిని మీరే అమ్ముకోవాలన్నా కోర్టుకు వెళ్లాలి. వయసు పైబడినవాళ్లు పెద్ద పిల్లలకు ఇస్తుంటే, "నన్ను పోషించాలన్న షరతు మీద" అన్న మాట దస్తావేజులో తప్పక రాయించండి. 2007 వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, ఆ షరతు తప్పితే ఆర్డీవో ట్రిబ్యునల్‌లో గిఫ్ట్‌ను రద్దు చేయించుకోవచ్చు. షరతు రాయనివాళ్లు దాన్ని నిరూపించలేక నానా తిప్పలు పడుతున్నారు.

10. ఇంటివాళ్లు ఆ తరువాత చేయాల్సింది

ఈ భాగాన్ని భార్యకు, లేదా నమ్మకమైన ఒకరికి చదివి వినిపించండి.

మరణాన్ని 21 రోజుల్లోగా పంచాయతీలో నమోదు చేయించాలి. ధ్రువపత్రం నకళ్లు పదైనా తీసుకోండి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం మీసేవ ద్వారా తహసీల్దారు ఇస్తారు. అందులో ఆడపిల్లల పేర్లు, చిన్నపిల్లల పేర్లు అన్నీ ఉన్నాయో లేదో చదివి చూశాకే తీసుకోండి. రైతుబీమా, ఇతర బీమాల దరఖాస్తులు వెంటనే పెట్టండి. నామినీ లేని బ్యాంకు డబ్బు, ఇచ్చిన అప్పుల వసూలు కోసం కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ అవసరం పడొచ్చు. తహసీల్దారు ఇచ్చే కాగితం దానికి సాటి రాదు. భూమికి వీలునామా జోడించి భూభారతిలో విరాసత్ దరఖాస్తు పెట్టండి. తెలంగాణలో హిందువుల వీలునామాకు ప్రొబేట్ (కోర్టు ధ్రువీకరణ) తప్పనిసరి కాదు.

అప్పులవాళ్లు ఇంటి మీదికి వస్తే బెదరకండి. చనిపోయిన మనిషి అప్పుకు వారసులు తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. భార్య సొంత బంగారానికి, ఆమె సంపాదనకు దానితో సంబంధం లేదు. ఆ గందరగోళంలో కొత్త నోటు మీద ఆమె సంతకం తీసుకోవడానికి ప్రయత్నిస్తారు. ఆ సంతకం పెడితే అప్పు ఆమెదవుతుంది. కాబట్టి వకీలును అడగకుండా దేని మీదా సంతకం పెట్టొద్దు.

వకీలుకు డబ్బులు లేవని ఆగిపోవద్దు. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. జనగామ కోర్టులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ పది పనులూ ఒక్క రోజులో కావు, కానక్కర్లేదు కూడా. ఈ వారం నోటుబుక్కులో ఆస్తులు, అప్పులు రాయండి. నాట్లూ పత్తి పనులూ తగ్గాక తాత పేరు మీది భూమికి విరాసత్ పెట్టండి. పిల్లలను సాకడానికి ఒప్పుకునే మనిషితో ఒక సాయంత్రం కూర్చొని మాట్లాడండి. ఆ తరువాత ఇద్దరు సాక్షులను పిలిచి వీలునామా మీద సంతకం పెట్టండి. అది ఎక్కడ దాచారో భార్యకు, అమలుదారుకు చెప్పండి. ఎంత బాగా రాసిన వీలునామా అయినా, బీరువాలో ఉందని ఎవరికీ తెలియకపోతే రాయనట్టే లెక్క.